ఐదువందల పన్నెండు

ఆ ఆదివారం కోసం సంపత్ వేసుకున్న ప్లాన్‌లో మొత్తం నాలుగే పనులున్నాయి. ఆరింటికి లేవడం. ఏడింటికి సాంచ నడిపి చూడడం. ఎనిమిదింటికి ఉప్మా తినడం. పదకొండింటికి అన్న విజయ్ వ్యాన్ దిగగానే సాంచ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా చిన్నగా నవ్వడం. ఈ నాలుగో పనిని శనివారం సాయంత్రమే అద్దం ముందు రెండుసార్లు ప్రాక్టీసు చేశాడు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సంపత్ ఇంట్లో ఒకప్పుడు నాలుగు సాంచాలుండేవి. ఆ నాలుగింటి చప్పుడులోనే పిల్లలు ముగ్గురూ ఎక్కాలు వల్లించారు, కొట్టుకున్నారు, నిద్రపోయారు. మెల్లగా మాట్లాడడమన్నది ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. తండ్రి మైసయ్య పోయి పదకొండేళ్లయింది. మూడు సాంచాలు ఒక్కొక్కటిగా పాత ఇనుము కింద వెళ్లిపోయాయి. మిగిలిన ఒక్కదాని మీద తల్లి గంగవ్వ ఇంకా నేస్తోంది.

చిక్కంతా ఆమె కళ్లతో వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కన్ను మసక. పోయిన నెల ఆమె నేసిన గుడ్డలో తెగిన పోగులు తెగినట్టే పోయి, పన్నెండు మీటర్ల పొడుగునా చారలు పడ్డాయి. గుడ్డ వెనక్కి వచ్చింది. ఆ కబురు కోరుట్లలో పెయింట్ల దుకాణం నడిపే విజయ్ దాకా పోయింది.

"అవ్వకు కండ్లు కనవడ్తలేవురా. రేపు ఏమన్న చెయ్యి వడితే ఎవలు జవాబు చెప్పాలె? వచ్చే ఆదివారం వ్యాన్ పట్టుకొని వస్త. సాంచను పాత సామాన్ల ఏసేద్దాం" అన్నాడు ఫోన్లో.

గంగవ్వ కాదనలేదు, ఏడవలేదు. ఆ పూట అన్నం మాత్రం సగమే తిన్నది. తల్లి కంచంలో మిగిలిన ఆ సగం అన్నం చూసి సంపత్ అన్నకు మళ్లీ ఫోన్ చేశాడు.

"అన్నా, సాంచ ఉంటది. అవ్వకు కండ్లు నేను పెడ్త" అన్నాడు.

అతను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు తెచ్చుకుని ఇంట్లో ఏదో ఒకటి కలుపుతూ ఉండడం అతని పిచ్చి. భీవండి నుంచి వచ్చిన పాత ఆటోమేటిక్ సాంచ మీది సన్నటి ఇనుప రేకులు సంపాదించాడు. భార్య నీలను కూర్చోబెట్టుకుని, రెండువేల పైచిలుకు పోగుల మీద ఒక్కోదానికి ఒక్కో రేకు వేలాడదీశాడు. పోగు తెగితే దాని రేకు కింద పడుతుంది. రేకుల కింద ఒక చివర చిన్న లైటు, ఇంకో చివర వెలుతురును చూసే సెన్సర్. రేకు పడితే వెలుతురు తగ్గుతుంది, ఫోన్లో కనిపించే అంకె పడిపోతుంది. అంకె మూడువందల కిందికి వస్తే సాంచ దానంతటదే ఆగిపోతుంది. అంతా బాగుంటే అంకె ఐదువందల పన్నెండు.

శనివారం సాయంత్రం చివరి తీగ దగ్గర తీగ చుట్ట అయిపోయింది. సెన్సర్ నుంచి బోర్డుకు రావలసిన గ్రౌండు తీగ, అంటే కరెంటు తిరిగొచ్చే దారి. దుకాణాలు మూసేశారు. సంపత్ అటకెక్కి, నాయన రేడియో దించాడు.

ఆ రేడియో ఒకప్పుడు నాలుగో సాంచ పైన మేకుకు వేలాడేది. నాలుగు సాంచాల మోతలో అందులోంచి పాట వినిపించేది కాదు. అయినా మైసయ్య దాన్ని ఆపేవాడు కాదు. "పాట ఉన్నదన్న సంగతి తెలిస్తె సాలు" అనేవాడు. వానాకాలం వచ్చిందంటే అది గుర్రుమనేది. తండ్రీ కొడుకులు దాన్ని తువ్వాలలో మూటగట్టుకుని బస్సెక్కి జగిత్యాలకు, దేవదాస్ రేడియో దుకాణానికి పోయేవాళ్లు. తీగలు అతికించే సోల్డర్ పొగ వాసన సంపత్‌కు మొదట తగిలింది అక్కడే. ఆ వాసన ఇంతవరకూ అతన్ని వదల్లేదు.

రేడియో లోపలి చుట్టలో వెంట్రుకంత సన్నటి రాగి తీగ, దాని మీద పచ్చటి నూలు కప్పు. సంపత్ మూరెడు తీగ కోశాడు. నాయన రేడియోను కోశానని తల్లికి చెప్పే ధైర్యం లేక, దాన్ని మళ్లీ అటకెక్కించి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తీగ కలిపాడు. సాంచ నడిపాడు. ఐదువందల పన్నెండు. అద్దం ముందు నవ్వు ప్రాక్టీసు చేసింది ఆ తర్వాతే.

ఆదివారం ఉదయం ఏడింటికి సాంచ మోటార్ వేశాడు.

ఐదువందల పన్నెండు. ఎనభై ఏడు. వెయ్యిన్నీ ఇరవై మూడు. నాలుగు. ఏడువందలు.

సాంచ ఠకఠక నాలుగడుగులు వేసి ఆగింది. మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. ఒక్క పోగు తెగలేదు, ఒక్క రేకు పడలేదు. గంగవ్వ తెల్లవారకముందే సాంచ కింద ఊడ్చి, స్నానం చేసి వచ్చి కూర్చుంది. కొడుకు ముఖం ఆమెకు సరిగా కనిపించలేదు గానీ, సాంచ చప్పుడు వింటే సంగతి తెలిసిపోయింది.

"ఏందిరా, వక్క నోట్లె ఏస్కున్న ముసల్దాని లెక్క నములుతున్నది?"

"ఏం లేదవ్వా. ఐదు నిమిషాలు."

అతను సాంచ ఆపాడు. అంకె ఐదువందల పన్నెండు మీద బుద్ధిగా కూర్చుంది. సాంచ నడిపాడు. గంతులు మొదలు. చెమటలు పట్టాయి. జగిత్యాలకు, దేవదాస్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నిన్న మాపటికి బండ లెక్క కూసున్నది. ఇయ్యాల కోతి లెక్క దుంకుతున్నది."

"గ్రౌండు చూసినవా?" అన్నాడు దేవదాస్. డెబ్బై దగ్గరపడ్డా గొంతులో ఆ పాత దుకాణం దర్జా పోలేదు.

"నేనే సోల్డర్ వెట్టిన అన్నా. రెండు దిక్కుల గట్టిగున్నది."

"కండ్లతోని చూసుడు కాదు, మీటర్ వెట్టి చూడు."

"మీటర్ల బ్యాటరీ తీసి బోర్డుకు పెట్టిన."

"సంపత్తూ, నా దగ్గర పని నేర్సుకున్ననని ఎవలకు చెప్పకు."

"అన్నా, సాంచ నడిస్తేనే దుంకుతున్నది. ఆపితే మంచిగుంటున్నది. మోటార్ నాయిస్ కావచ్చునా?"

"కావచ్చు. ట్యూబులైటు ఏస్తె మీ నాయన రేడియో గుర్రుమనేది యాదికున్నదా? కరెంటుతోని నడిచేది ఏదైన చెయ్యచ్చు. ఒక్కొక్కటి బంద్ వెట్టుకుంట పో. ఫోను సుత. అది రింగయ్యే ముంగట రేడియోల టిక్కుటిక్కు మనేది. ముంగట మాత్రం గ్రౌండు..."

సంపత్ అప్పటికే ఫోన్ పెట్టేశాడు. గ్రౌండు తను పెట్టిన తీగ. నాయన తీగ. దాన్ని అనుమానించడం అతని వల్ల కాలేదు.

ముందు ట్యూబులైట్లు ఆపాడు. తర్వాత ఫ్యాను. తర్వాత ఫ్రిజ్. ఆఖరికి సాంచకు తప్ప ఇల్లంతటికీ కరెంటు తీసేశాడు. సెన్సర్ మీద ఎండ పడకుండా కిటికీలు మూశాడు. అంకెలను పాత లాప్‌టాప్ మీదికి మార్చి తన ఫోనూ, నీల ఫోనూ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాడు.

"నా ఫోనేం జేసిందయ్యా?" అంది నీల.

"అన్ని అనుమానమే ఇయ్యాల."

సాంచల గది చీకటి గుయ్యారమైంది. గంగవ్వకు పొద్దటి నుంచి పని లేదు. వారం రోజులుగా సరిగా నిద్ర లేదు. దక్షిణం వైపు తలుపు సందులోంచి కాస్త గాలి వస్తుంటే, అటు తల పెట్టి చాప మీద పడుకుంది. దోమలు కుట్టకుండా వెనక్కొచ్చిన గుడ్డనే తల దాకా కప్పుకుంది. తెల్లటి గుడ్డ. చీకట్లో మొగుడు ఆమెను తొక్కుతాడేమోనని నీల నూనె దీపం ముట్టించి అత్త తలాపున పెట్టి, వంటింట్లోకి పోయింది.

సంపత్ సాంచ లైను మీదే కడ్డీ వేడి చేసి సోల్డర్ మళ్లీ పెట్టాడు. మూసిన గదిలో పొగ కళ్లలోకి కొట్టింది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. ఉక్కపోతకు అంగీ విప్పి, వాకిట్లో రెండు చెంబులు నెత్తిమీద గుమ్మరించుకుని వచ్చాడు. సాంచ నడిపాడు. తొమ్మిదివందలు, పదమూడు, ఆరువందలు.

ఇక మిగిలింది గోడ అవతల రాజమల్లు కార్ఖానా. అందులో ఎనిమిది సాంచాలు, ఎనిమిది మోటార్లు, అన్నీ అదే లైను మీద.

సంపత్ తడి తలతో, తడి లుంగీతో, ఎర్రటి కళ్లతో పోయి రాజమల్లు ముందు నిలబడ్డాడు.

"కాకా, జర సాంచాలు బంద్ వెట్టుండ్రి."

రాజమల్లు అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "ఏమైందిరా సంపత్తూ?"

"అవ్వ కోసమే కాకా." పొగకు గొంతు పట్టేసింది. ముక్కు తుడుచుకున్నాడు. "పొద్దటి నుంచి అన్ని చేసి చూసిన. అన్న వచ్చేటాల్లకు ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు."

రాజమల్లు ఇంకో ప్రశ్న వేయలేదు. చెయ్యి ఎత్తాడు. ఎనిమిది సాంచాలు ఒక్కసారి ఆగిపోయాయి.

ఆ గల్లీలో సాంచాలు రెండు కారణాలకే ఆగుతాయి. కరెంటు పోతే, లేదా మనిషి పోతే. కరెంటు ఉంది.

రాజమల్లు వెనకే వచ్చి సంపత్ ఇంటి తలుపు సందులోంచి తొంగి చూశాడు. తలాపున దీపం. తెల్లగుడ్డ కింద గంగవ్వ. పక్కనే సాంచ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడిన కొడుకు. రాజమల్లు చెప్పులు విప్పి, దండం పెట్టి, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. విజయ్‌కు ఫోన్ చేశాడు. "జల్ది రా విజయ్. ఇంక గంతకన్న ఏం చెప్పలేను."

విజయ్ తమ్ముడికి ఫోన్ చేశాడు, స్విచాఫ్. మరదలికి చేశాడు, స్విచాఫ్. కోరుట్లలో వ్యాన్ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నవాడు, అలాగే మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత జగిత్యాలలో ఉన్న చెల్లెలు సుమలతకు చెప్పాడు. సుమలత ఏడుస్తూ పూలదండ కోసం పరుగెత్తిన పూల దుకాణం దేవదాస్ కొట్టు పక్కదే. "పొద్దుగాల్నే నాతోని మాట్లాడిండు బిడ్డా, ఏం చెప్పలేదు" అంటూ దేవదాస్ కూడా, సుమలత కోసం దారిలో ఆగిన విజయ్ వ్యాన్ ఎక్కాడు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ మీటర్ ఉన్న సంచీ భుజాన వేసుకునే ఎక్కాడు.

ఇవేవీ సంపత్‌కు తెలియవు. సాంచల గది తలుపు వేసుకుని, గల్లీ మొత్తం నిశ్శబ్దమైనా ఎందుకు అంకె గంతులేస్తోందో అర్థం కాక జుట్టు పీక్కుంటున్నాడు. ఆఖరికి తన మోటార్ కూడా తీసేసి, సాంచ చక్రాన్ని చేత్తో తిప్పాడు. మూడువందలు, వెయ్యి, యాభై. మోటార్ లేదు. లైటు లేదు. ఫోను లేదు. పక్క సాంచాలు లేవు. నాయిస్ తన లోపలి నుంచే వస్తోందేమోనని ఒక్క క్షణం నిజంగా అనుమానపడి, ఊపిరి బిగబట్టి మరోసారి తిప్పి చూశాడు.

వంటింట్లో నీలకు వేరే కష్టం వచ్చింది. ఉప్మాకు నూనె పెట్టిందో లేదో, రాజమల్లు భార్య వెంకటవ్వ వెనక వాకిట్లోంచి వచ్చి గ్యాస్ కట్టేసింది.

"ఇయ్యాల మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దు బిడ్డా. చాయ మేం తెస్తం."

నీల నోరు తెరిచింది. "గ్యాస్ పొయ్యి సుత బంద్ పెట్టాల్నా? ఆయన మీకు సుత చెప్పిండా?"

"ఒకలు చెప్తరా బిడ్డా గిసువంటియి. మాకు తెల్వదా?"

పొయ్యికీ అంకెకూ ఏం సంబంధమో నీలకు అంతుపట్టలేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో మొగుడి బోర్డుల కోసం మిక్సీ మానుకుంది, టీవీ మానుకుంది, ఇప్పుడు ఉప్మా కూడా. ఒళ్లు మండి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మూలన కూర్చుంది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. "కడుపుల ఏం లేకుంట ఎట్ల ఉంటవే" అని ఒకామె వీపు నిమిరింది. ఆ మాట అక్షరాలా నిజం కాబట్టి నీలకు నిజంగానే ఏడుపొచ్చింది.

పావు తక్కువ పదకొండుకు వాకిట్లో వ్యాన్ ఆగిన చప్పుడు, దాని వెంటే డప్పు చప్పుడు. లాప్‌టాప్ మీద అంకె డప్పు దరువుకు తగ్గట్టే ఎగిరిపడింది. సంపత్ పిచ్చికోపంతో తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

వాకిలి నిండా కుర్చీలు. కుర్చీల నిండా మనుషులు. గోడకు ఆనించి కొత్త వెదురు బొంగులు.

"ఐలయ్యా, డప్పు ఆపు! నేల అదురుతున్నది, లోపల నా పని ఖరాబైతున్నది!" అని అరిచాడు సంపత్. అప్పుడు గానీ చుట్టూ చూడలేదు. "ఎవలు పోయిండ్రు?"

డప్పు కొట్టే ఐలయ్య జాలిగా చూశాడు. పక్కవాడితో, "పాపం, పురాగ మతి తప్పిండు" అన్నాడు.

ఈలోగా విజయ్ తమ్ముణ్ణి తోసుకుని లోపలికి పరుగెత్తాడు. తెల్లగుడ్డ చూశాడు. దీపం చూశాడు. అక్కడే కూలిపోయాడు.

"అవ్వా! సాంచ అమ్ముతనన్నందుకే పోయినవా అవ్వా! నేనే సంపుకున్న! ఒక్కసారి లేవే! కొండగట్టు అంజన్న సాక్షి, నీ సాంచను ముట్టనే!"

సుమలత దండ పట్టుకుని అన్న మీద పడి బావురుమంది. గడప దగ్గర ఆడవాళ్లు గొంతెత్తారు. ఆ రోదనకు తెల్లగుడ్డ కదిలింది. గంగవ్వ లేచి కూర్చుంది. మసక కళ్లకు ఏడ్చే మనుషులు మాత్రం లీలగా కనిపించారు. సాంచాలు ఆగిపోయాయని చెవులు చెప్పాయి. ఆమె ఇలాంటివి చాలా చూసిన మనిషి. వెంటనే నెత్తిన చెయ్యి పెట్టుకుని అందరికంటే పెద్దగా అందుకుంది.

"అయ్యో... ఎంత పని చేస్తివి దేవుడా... ఇంకా ఏం సుఖపడ్డరని తీస్కపోతివి..."

రెండు నిమిషాలు అలా ఏడ్చి, పక్కనున్న విజయ్‌ను మోచేత్తో పొడిచి మెల్లగా అడిగింది.

"ఎవలురా?"

ఆ తర్వాత జరిగినదాన్ని ఆ గల్లీలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. సుమలత దండ ఎవరి మెడలోనో పడిందనేది నిజం. ఐలయ్య డప్పు వదిలేసి రోడ్డు దాకా పోయి వచ్చాడన్నదీ నిజం. అందరూ మంచినీళ్లు తాగి, సంపత్ నోటివెంట అంకెల సంగతి మొత్తం విన్నాక, విజయ్ ముఖం ఎరుపు నుంచి నలుపుకు తిరిగింది.

"లైటు బంద్, ఫోను బంద్, మంది సాంచాలు బంద్! కన్నతల్లిని బతికుండంగనే పండవెట్టి దీపం వెట్టినవు కదరా! దేనికి? గీ డబ్బాకు! గీ డబ్బానా అవ్వకు కండ్లు పెట్టేది?" గుమ్మం దగ్గర నిలబడ్డ వ్యాన్ మనుషులను పిలిచాడు. "రాండ్రి. బోల్టులు విప్పుండ్రి."

"అన్నా, సాంచ ముట్టనని ఇప్పుడే అంజన్న మీద..." అన్నాడు సంపత్.

"అది ఏడ్సుకుంట అన్న మాట. లెక్కల రాదు."

ఒకడు పానా తీసి మొదటి బోల్టుకు వేశాడు. గంగవ్వ సాంచ చెక్క మీద అరచెయ్యి పెట్టి నిలబడింది, అంతే. ఆ చెయ్యి తియ్యమనే ధైర్యం ఆ వ్యాన్ మనిషికి రాలేదు. సంపత్ తల దించుకున్నాడు. వారం రోజుల పని, రెండువేల రేకులు, అద్దం ముందటి నవ్వు, అన్నీ నేలపాలు.

"ఒక్క నిమిషం." వెనక నుంచి దేవదాస్ ముందుకొచ్చాడు. సంచీలోంచి మీటర్ తీశాడు. "గీ ముచ్చట పొద్దుగాల్నే అడిగిన. సంపత్తూ, గ్రౌండు తీగ ఏది?"

సంపత్ నేల బారున పోయిన పచ్చ తీగ చూపించాడు. దేవదాస్ మీటర్ ముళ్లు రెండు చివరలా ఆనించాడు. మీటర్ కుయ్యిమంది. తీగను కాలితో కొంచెం కదిపాడు. కుయ్యిమనడం ఆగిపోయింది. మళ్లీ కదిపాడు. కుయ్యిమంది.

"చివరలు మంచిగున్నయి. నడుమ తెగింది."

"నడుమ తెగుడేందన్నా? తీగ సాఫ్‌గ ఉన్నది!" సంపత్ ఇంటికి మళ్లీ కరెంటు ఇచ్చి, సాంచల గది లైటు వేసి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఏమీ లేదు. విజయ్ వంగి చూశాడు. సుమలత కళ్లజోడు పెట్టుకుని చూసింది. రాజమల్లు ఫోన్ లైటు కొట్టి చూశాడు. నలుగురి ఎనిమిది కళ్లకూ తీగ నిండుగానే కనిపించింది. ఆఖరికి దేవదాస్ గోటితో మెల్లగా గీరుకుంటూ పోతే, ఒకచోట గోరు తట్టుకుంది. నువ్వు గింజలో సగం కూడా లేని ముడి. రెండు తెగిన కొసలు ఒకదానిలోకి ఒకటి దూరి, నూలు కప్పు చెదరకుండా, ముడి వేసిన జాడే తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి.

"సోల్డర్ లేదు, కప్పు గీరుడు లేదు. కొసలు ఒకదానికొకటి తాకితే కరెంటు పారుతది, సాంచ అదిరితే ఆగుతది. అంకె దుంకక ఏం జేస్తది?" దేవదాస్ తలెత్తాడు. "నలభై ఏండ్ల సంది తీగలు కలుపుతున్న. గిసువంటి కలుపుడు చూళ్లేదు. ఎవలేసిండ్రు?"

విజయ్ తమ్ముడి వైపు చూశాడు. సంపత్ తల అడ్డంగా ఊపాడు.

"నేనే" అంది గంగవ్వ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"పొద్దుగాల సాంచ కింద ఊడుస్తుంటె సీపురుకు తట్టుకొని పటుక్కున తెగింది. నూలు లెక్కనే తాకింది చేతికి. ముడేసిన. పోగు తెగితె ముడెయ్యకుంట ఎవలన్న ఊకుంటరా?"

"గప్పుడు లైటన్న ఏసుకున్నవా అవ్వా?" అన్నాడు సంపత్.

"లైటెందుకు? ఊడ్సుటానికి లైటు గావాల్నా?"

విజయ్ తల్లి ముఖంలోకి చూశాడు. "నీకు కనవడ్తలేదు గదనే. గింత సన్నంది ఎట్ల ముడేసినవు?"

"పోగును చూస్తరారా ఎవలన్న? పట్టుకుంటె తెలుస్తది."

"మరి పోయిన నెల గుడ్డల పోగులు ఎందుకు తెల్వలేదు?"

గంగవ్వకు కోపం వచ్చింది. ఆ వారంలో ఆమెకు కోపం రావడం అదే మొదలు. "చెయ్యి పెట్టద్దని ఎవలన్నరు? కన్ను ఆపరేషన్ అయినంక ఇద్దరు కొడుకులు నిలవడి, చెయ్యి పెట్టకు, దూరం కూసోని చూస్కుంట నడుపు అంటిరి. ఒట్టేయించుకుంటిరి. చూస్కుంట నడుపుడు నాకు రాదురా! యాభై ఏండ్ల సంది చెయ్యి పెట్టే నడిపిన. మీ నాయన సుత చెయ్యి పెట్టే నడిపె."

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గంగవ్వ వంగి ఆ పచ్చ తీగను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇదేం నూలురా? మా దిక్కు లేదు గిది."

సంపత్ నేల చూపులు చూశాడు. "నాయన రేడియోలది అవ్వా. తీగ తక్కువైతె... కోసిన."

తిట్టు పడుతుందని కళ్లు మూసుకున్నాడు. గంగవ్వ తీగను ఇంకాసేపు అలాగే పట్టుకుంది.

"అందుకేనా," అంది. "చేతికి తెలిసిన దాని లెక్క అనిపిచ్చింది."

దేవదాస్ గొంతు సవరించుకుని, సోల్డర్ కడ్డీ వేడి పెట్టమన్నాడు. ముడిని విప్పబోయి, చెయ్యి రాక, దాని మీదే జాగ్రత్తగా కప్పు గీరి సోల్డర్ చుక్క వేశాడు. మోటార్ మళ్లీ కలిపారు. లాప్‌టాప్ మీద ఐదువందల పన్నెండు వచ్చింది.

"ఒక్క ముడి చూసి నేనెట్ల నమ్మాలె?" అన్నాడు విజయ్. గొంతులో ఇందాకటి గట్టితనం లేదు. "దాని మీద రెండువేల పోగులున్నయి."

"మోటార్ ఎయ్యి" అంది గంగవ్వ.

వాకిట్లోని మంది అంతా కుర్చీలు వదిలి గుమ్మానికి, కిటికీలకు చేరారు. చావుకు వచ్చినవాళ్లు సాంచ చూస్తూ నిలబడ్డారు. గంగవ్వ కళ్లు మూసుకుంది. ఎడమ అరచెయ్యి పోగుల మీద, తాకీ తాకనట్టు, పసిపిల్ల వీపు మీద వేసినట్టు వేసింది. సాంచ నడిచింది. పది నిమిషాలకు ఆమె చెయ్యి ఒకచోట ఆగింది. సాంచ ఆపి, రెండు వేళ్లతో ఒక పోగును పైకి తీసింది. అది ఇంకా తెగలేదు, నలిగి తెగబోతోంది. తెంపి, ముడేసి, మళ్లీ నడిపింది. అరగంటలో అలా మూడుసార్లు. ఒక్క రేకు కింద పడలేదు. అంకె ఒక్కటి కదల్లేదు.

విజయ్ కూడా పోగుల మీద అరచెయ్యి వేసి చూశాడు. అతనికి గరగర తప్ప ఏమీ తెలియలేదు. చిన్నప్పుడు నాయన తన చెయ్యి పట్టుకుని ఇక్కడే పెట్టించేవాడు. అప్పుడు తెలిసేది. పెయింట్ల దుకాణంలో ఆ చెయ్యి ఎప్పుడు పోయిందో అతనికి గుర్తు లేదు. చెయ్యి తీసేసి, వ్యాన్ మనుషుల వైపు తిరిగి, "బోల్టు బిగియ్యుండ్రి" అన్నాడు.

"అన్నా, అంజన్న మీద ఒట్టు..." అన్నాడు సంపత్.

"లెక్కలకు వచ్చింది, ఇగ ఊకో!"

సుమలత దండను మైసయ్య ఫొటోకు వేశారు. వెంకటవ్వ తెచ్చిన చాయ అందరూ తాగారు. పొద్దటి నుంచి ఉప్మా కోసం ఏడ్చిన నీల, చివరికి నలభై మందికి ఉప్మా చేసింది. ఐలయ్య డప్పు భుజాన వేసుకుని, "పిలిస్తె వచ్చిన, ఊకె పోవుడెట్ల?" అంటే, గంగవ్వ తనే ఎదురుగా నిలబడి రెండు దరువులు కొట్టించుకుంది. రాజమల్లు గోడ అవతలి నుంచి అరిచాడు:

"సంపత్తూ, మా సాంచాలు నడిపియ్యచ్చునా? ఇంకెవలన్న మిగిలిండ్రా?"

ఎనిమిది సాంచాలు, వాటితో పాటు తొమ్మిదోది, ఒక్కసారి అందుకున్నాయి. ఆ మోతలో సంపత్ అటకెక్కి, నాయన రేడియోను కిందికి దించి, సాంచ పైన పాత మేకుకు తగిలించాడు. మూరెడు తీగ తక్కువ కాబట్టి అది పాడదు. అయినా సాంచ నడుస్తుంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎప్పుడూ తెలియలేదు.

సెన్సర్‌ను అతను తీసెయ్యలేదు. ఇప్పటికి ఏడు నెలలు అయింది, అది ఐదువందల పన్నెండు మీదే ఉంది, పని కోసం ఎదురుచూస్తూ.